ఫార్మాట్ కొట్టేముందు

విజయవాడ ఏలూరు రోడ్డు వెనక సందులో ఇరవై ఆరేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. కథలు, కవిత్వం, పరిశోధన గ్రంథాలు, పంచాంగాలు, శుభలేఖలు, నా చేతి మీదుగా వెళ్లని మ్యాటరు లేదు. మొన్న డిసెంబరులో, జనవరి పుస్తకాల పండక్కి రావాల్సిన కథల సంపుటి ఒకటి నూట తొంభై పేజీలు కట్టి పెట్టాను. ముందుమాట ఒక్కటే మిగిలింది. అప్పుడు ల్యాప్‌టాప్ ఆగిపోయింది. నల్లటి తెర మీద, మొదలుపెట్టడానికి డిస్కు ఏదీ దొరకలేదని ఒకే ఒక్క వాక్యం. ఆపి మళ్లీ ఆన్ చేశాను. మళ్లీ అదే వాక్యం.

రిపేరు అబ్బాయికి ఫోన్ చేస్తే, "ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేస్తా మేడం, గంట పని" అన్నాడు. నేనూ సరే అన్నాను. మా తమ్ముడి కొడుకు ఆ సాయంత్రమే హైదరాబాదు నుంచి దిగకపోతే ఆ గంట పని అయిపోయేదే. వాడు సంచి కింద పెట్టకుండానే మొదలైన మాటలివి. కొన్నిచోట్ల ఇద్దరం గొంతు పెంచాం. అయినా దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే నాలాంటి డీటీపీ వాళ్లు ఊరూరా ఉన్నారు.

మేనల్లుడు: అత్తా, ముందు దాన్ని ఆన్ చేయడం ఆపు. ఇప్పటికి ఎన్నిసార్లు చేశావు?

నేను: ఎవరు లెక్కపెట్టారు? ఒకసారి కంపెనీ బొమ్మ దాకా వచ్చింది. ఇంకోసారి చేస్తే లోపలికి వెళ్తుందేమోనని చేస్తూనే ఉన్నాను.

మేనల్లుడు: దెబ్బతిన్న డిస్కు పూర్తిగా పోయేది అలాగే. ఇది తిరిగే డిస్కు. లోపల అద్దాల్లాంటి పళ్లేలు నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి. చదివే హెడ్డు వాటికి ఆనకుండా పైన తేలుతుంది. ఎంత పైన? కొన్ని నానోమీటర్లు, అంతే. వెంట్రుక మందాన్ని వెయ్యి పొరలుగా చీలిస్తే అందులో ఒక పొర కన్నా తక్కువ. పళ్లెం మీద ఎక్కడో గాయమైంది. ఆన్ చేసిన ప్రతిసారీ ఆ గాయం మీదే నడిపిస్తున్నావు.

నేను: చెక్ డిస్క్ నడిపితే బాగవుతుందని కూడా ఒకాయన చెప్పాడు.

మేనల్లుడు: చెక్ డిస్క్ సరిచేసేది ఫైళ్ల పట్టీని. గాయం దానికి పట్టదు. పట్టీ సరిపోవడం కోసం చదవలేని ముక్కల్ని తీసి పక్కన పడేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్కుకి అది మంచిదే, దీనికి మాత్రం విషం. ముందు ఉన్నదున్నట్టు మొత్తం కాపీ తియ్యాలి. తర్వాత ఏం చేసినా ఆ కాపీ మీదే చెయ్యాలి.

ల్యాప్‌టాప్‌ని బోర్లించి మరలు విప్పాడు. డిస్కు బయటికొచ్చింది. అరచేతిలో ఇమిడిపోయింది, పాత పాటల క్యాసెట్టు అంత. ఇరవై ఆరేళ్ల పని అందులో ఉంది. ముందు మిషన్లలోంచి మోసుకొచ్చుకున్నవి కూడా అన్నీ దాంట్లోనే. వాడు దాన్ని యూఎస్‌బీ తీగకి తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. వైద్యుడు గుండె వినేటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టినట్టే నేనూ నిలబడ్డాను.

మేనల్లుడు: టక్ టక్ అని కొట్టుకోవడం లేదు. అలా కొట్టుకుంటే హెడ్డు పోయినట్టు. అప్పుడు నేను చెయ్యి పెట్టేవాడిని కాదు. దుమ్ము లేని గదిలో విప్పి చూసే ల్యాబుకి పంపాల్సిందే. ఇది సాఫీగానే తిరుగుతోంది, కొన్ని చోట్ల చదవలేకపోతోంది. రాత్రంతా కాపీకి పెడతాను. డీడీరెస్క్యూ అని ఒక ప్రోగ్రాం ఉంది. అది ముందు బాగున్న భాగాలన్నీ గబగబా తీసేస్తుంది. చెడ్డచోటు తగిలితే పట్టుదలకి పోకుండా దాటేసి, ఎక్కడ దాటిందో రాసి పెట్టుకుని, చివర్లో వెనక్కొచ్చి కొంచెం కొంచెం గీరుకుంటుంది.

నేను: నేను ప్రూఫులు చూసేదీ అలాగే. అర్థంకాని చేతిరాత దగ్గర ఆగిపోతే పుస్తకం కదలదు. చుక్క పెట్టుకుని ముందుకి పోతాను.

మేనల్లుడు: అదే పద్ధతి. కొత్త ఎస్ఎస్‌డీ రేపు పొద్దున తెస్తాను. అందులో ఏం వెయ్యాలో ఇప్పుడు తేల్చుకుందాం.

నేను: తేల్చుకోడానికేముంది? ఉన్నది ఉన్నట్టు వెయ్యి. విండోస్ 10, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, యాపిల్ కీబోర్డు. ఎల్లుండికల్లా ముందుమాట కట్టి ప్రెస్సుకి ఇవ్వాలి.

మేనల్లుడు: విండోస్ 10 గడువు 2025 అక్టోబరు 14తో తీరిపోయింది.

నేను: నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయని నేనూ చదివాను. నాకేం తెలియదనుకోకు.

మేనల్లుడు: అనుకోవడం లేదత్తా. ఆ పది నెలల తర్వాత సంగతి అడుగుతున్నా. విండోస్ 11 దీనికి ఎక్కదు. దానికి టీపీఎం 2.0 అనే చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసరయితే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. నువ్వు దీన్ని 2015లో కొన్నావు, ఇది ఐదో తరం. తెర బాగుంది, కీబోర్డు బాగుంది, బోర్డు బాగుంది. ఒక్క డిస్కు పోయింది, అది మారిస్తే ఇంకో ఐదేళ్లు నడుస్తుంది. అలాంటి మిషన్‌కి గడువు తీరిన సిస్టం వెయ్యడం నాకు మనసొప్పట్లేదు. లినక్స్ మింట్ వేద్దాం. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. నీ 4 జీబీ మెమరీలో బాగానే నడుస్తుంది. లైసెన్సు గొడవ లేదు.

నేను: లైసెన్సు గొడవ నాకు ఇప్పుడూ లేదు. విండోస్ డబ్బిచ్చి కొన్నదే.

మేనల్లుడు: నిజమే. నీ తాళంచెవి డిస్కులో లేదు, బోర్డులో ఉంది. డిస్కు మారినా విండోస్ 10 నెట్టు తగలగానే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. కంపెనీ వాళ్లు డిస్కులో పెట్టింది తిరిగి వేసుకునే రికవరీ భాగాన్ని. డిస్కుతోపాటే అదీ పోయింది. మందు సీసాని రోగి కడుపులోనే దాచినట్టు.

నేను: మరి నీ అభ్యంతరం ఏమిటి?

మేనల్లుడు: పేజ్‌మేకర్. 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత పెద్ద వెర్షను ఇంకోటి రాలేదు. పాతికేళ్ల కిందట ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ మీద నీ బతుకంతా నిలబెట్టుకున్నావు.

నాకు కోపం వచ్చింది. వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు, అందుకే ఇంకా ఎక్కువ వచ్చింది.

నేను: ఒరే, నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు నాకు కంపోజింగ్ నేర్పింది సీసపు అక్షరాలు కూర్చిన పెద్దాయన. గళ్ల కేసులో ఏ గడిలో ఏ ఒత్తుందో కళ్లు మూసుకుని తీసేవాడు. ప్రెస్సుల్లోకి కంప్యూటర్లు వచ్చాక ఆ కేసుల్ని తూకానికి అమ్మేశారు. ఆయన వేళ్లకి తెలిసిందంతా ఒక్క వారంలో పనికిరాకుండా పోయింది. మౌసు పట్టుకుంటే చెయ్యి వణికేది. తప్పొప్పులు చెబుతూ నా పక్కన కూర్చునేవాడు, అంతే. నువ్వు ఆపరేటింగ్ సిస్టం మార్చెయ్యమంటుంటే నాకు ఆయన చేతులు కనపడుతున్నాయి. యాపిల్ లేఔటులో నా వేళ్లు ఆలోచించకుండా పరిగెడతాయి. గంటకి నాలుగు పేజీలు కొడతాను. ఆ వేగమే నా కూలి. దాన్ని తీసేసి కొత్తది నేర్చుకోమంటే, నేర్చుకునే ఆర్నెల్లూ నాకు ఎవరు పెడతారు?

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన ల్యాప్‌టాప్ తీసి నా ముందుకి జరిపాడు.

మేనల్లుడు: ఇది లినక్స్. ఇందులో ఐబస్ అని ఒకటుంది, దాని వెనక ఎమ్17ఎన్ అనే కీబోర్డుల పెట్టె. తెలుగుకి ఇన్‌స్క్రిప్టు ఉంది, ఆర్‌టీఎస్ ఉంది, పోతన ఉంది, యాపిల్ కూడా ఉంది. నీ వేళ్లు మార్చుకోనక్కర్లేదు. ఒత్తుల దగ్గర అక్కడక్కడా తేడా ఉండొచ్చు. కొట్టి చూడు.

కొట్టాను. మొదటి రెండు లైన్లూ సరిగ్గా వచ్చాయి. మూడో లైనులో ఒక ఒత్తు కోసం వేలు వెళ్లిన చోట ఇంకేదో పడింది. వెనక్కొచ్చి దిద్దాను. ఇది నేను ఊహించలేదు. ఎవరో ఎక్కడో కూర్చుని, జీతం లేకుండా, నాలాంటి వాళ్ల వేళ్లకోసం ఆ లేఔటు రాసి పెట్టారు. ఆ సంగతి మాకెవరికీ ఇన్నేళ్లలో చేరలేదు. అయినా నేను వెంటనే ఒప్పుకోలేదు.

నేను: టైపు సరే. పుస్తకం దేంతో కడతావు?

మేనల్లుడు: స్క్రైబస్. 2024 జనవరిలో 1.6 వచ్చింది. పాతవాటిలో తెలుగు ఒత్తులు విడిపోయేవి, ఇందులో కుదురుగా కూర్చుంటాయి. సీఎంవైకే ఉంది, ప్రెస్సుకి కావాల్సిన పీడీఎఫ్ ఇస్తుంది. ఫాంట్లకి మండలి, సూరన్న, గిడుగు, రామభద్ర ఉన్నాయి. అన్నీ ఉచితం.

నేను: నాకు టైటిళ్లకి వందకు పైగా ఫాంట్లున్నాయి. నీ నాలుగు ఉచిత ఫాంట్లతో శుభలేఖ కట్టు చూద్దాం.

మేనల్లుడు: అక్కడ నేను ఓడిపోతాను.

నేను: పేజ్‌మేకర్ నీ లినక్సులో నడుస్తుందా?

మేనల్లుడు: వైన్ అనే దాంట్లో ప్రయత్నించొచ్చు. నమ్మకంగా నడుస్తుందని నీకు మాట ఇవ్వలేను.

రాత్రి పదకొండున్నరకి ఇద్దరం అలిసిపోయి పడుకున్నాం. డిస్కు పక్కన బల్ల మీద చిన్న ఫ్యాను పెట్టాడు, వేడెక్కకుండా. తెర మీద అంకెలు కదులుతూనే ఉన్నాయి. రెండు గంటలకి లేచి చూశాను. నాలుగింటికీ లేచి చూశాను.

తెల్లారేసరికి 500 జీబీ డిస్కులో చదవలేకపోయింది 38 ఎంబీ. వాడు పిల్లాడిలా గంతేశాడు. కథల సంపుటి ఉంది. పాత పుస్తకాలన్నీ ఉన్నాయి. సంవత్సరాలవారీగా నేను పెట్టుకున్న ఫోల్డర్లన్నీ ఉన్నాయి.

మేనల్లుడు: దక్కాయత్తా! అన్నీ దక్కాయి.

నేను: ఒకటి తెరువు.

మేనల్లుడు: ఇక్కడ పేజ్‌మేకర్ లేదుగా.

నేను: అందుకే తెరవమంటున్నా. రాత్రి నువ్వు వేస్తానన్న సిస్టంలో నా పుస్తకాల గతి ఏమిటో చూపించు.

సంపుటిలో మొదటి కథ నేను విడిగా కూడా దాచుకున్నాను, ఉత్త మ్యాటరుగా. దాన్ని తెరిచాడు. తెర నిండా ఎక్కడా పోలిక లేని గుర్తులు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన టోపీలు, మధ్యలో డాలరు బొమ్మలు, విరిగిన కొక్కేలు. అది ఒక తల్లి కొడుకుని బస్సెక్కించే కథ. నేనే కొట్టాను, మూడుసార్లు ప్రూఫు చూశాను. అందులో ఒక్క అక్షరమూ తెలుగు కాదు.

మేనల్లుడు: అను ఫాంటు లేకపోతే ఇలాగే కనిపిస్తుంది. నువ్వు 'శ్రీ' అని కొట్టినప్పుడు మిషన్ 'శ్రీ'ని దాచుకోలేదు. కంటికి కనిపించే ముక్కల్ని, ఈ కొక్కెం ఆ గుడి అని, ఇంగ్లీషు గుర్తుల గదుల్లో పెట్టుకుంది. ఫాంటు ఉన్నంతసేపూ ఆ ముక్కలు కలిసి తెలుగులా కనిపిస్తాయి. యూనికోడులో అయితే శ, పొల్లు గుర్తు, ర, దీర్ఘపు గుడి అని నాలుగు వేరే వేరే సంఖ్యలు పడతాయి, ఏ ఫాంటులోనైనా, ఏ మిషన్‌లోనైనా అది 'శ్రీ'నే. 1991లో వచ్చిన మొదటి యూనికోడులోనే తెలుగు ఉంది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో సహా ఉంది.

నేను: ఉండి ఏం లాభం? మా పేజ్‌మేకర్‌కి అది అర్థం కాదు. ప్రెస్సు వాళ్లు అడగలేదు, రచయితలు అడగలేదు. మేం కాగితం మీద సరిగ్గా పడిందా అని చూసుకున్నాం. పడింది. ఇన్నేళ్లూ సరిగ్గానే పడింది.

మేనల్లుడు: తప్పు పట్టడం లేదు. ఒక పని చేద్దాం. నువ్వు కట్టిన మ్యాటరులో తప్పకుండా ఉండే మాట ఒకటి చెప్పు.

నేను: కృష్ణ. ఏరో, దేవుడో, రచయితో, ఎక్కడ చూసినా కృష్ణే.

మొత్తం కాపీలో 'కృష్ణ' కోసం వెతకమన్నాడు. చాలాసేపు తిరిగింది. ఒక్కటి కూడా దొరకలేదు. బెజవాడలో కూర్చుని ఇరవై ఆరేళ్లు తెలుగు కొట్టిన మనిషి డిస్కులో కృష్ణ లేదు.

ఆ సున్నా చూసి నేను కుర్చీలో కూర్చుండిపోయాను. డిస్కు పోయిందని ముందురోజు పడ్డ బాధ వేరు. అది వస్తువు పోయిన బాధ. ఈ పుస్తకాలు రాసినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. కొన్ని పుస్తకాలు మూడు వందల కాపీలు వేసి ఆపేసినవి. వాళ్ల మాటలు నా దగ్గర భద్రంగా ఉన్నాయని నేను నమ్ముతూ వచ్చాను. నా దగ్గర ఉన్నవి వాటి బొమ్మలు. వాడి మాటకొస్తే, కాపీ చేసుకుంటే చాలు దక్కినట్టే అన్న వాడి నమ్మకం కూడా అక్కడే తప్పింది. అను ఫాంట్లూ పేజ్‌మేకరూ లేని చోట ఆ కాపీ మూగది. రాత్రి వాడి మాట విని మింట్ ఒక్కటే వేసుంటే, నా సంపుటి నా కళ్లముందే ఉండి నాకు తెరుచుకునేది కాదు. డిస్కు పోయిన డీటీపీ వాళ్లకి నేను చెప్పే వరస ఇది. ఫార్మాట్ అన్నవాడి చేతికి మిషన్ ఇవ్వకండి. డిస్కు విప్పి కాపీ తీయించండి. పాత ఫైళ్లు తెరిచే సాఫ్ట్‌వేర్‌నే ముందు నిలబెట్టండి, ఎంత పాతదైనా సరే. అవి తెరుచుకుంటున్నప్పుడే, ఇంకా ఆ సిస్టం నడుస్తున్నప్పుడే, మ్యాటరంతా యూనికోడులోకి మార్చుకోండి. ఈ చివరి రెండింటికీ మధ్య ఏళ్లు గడవనివ్వకండి, నేను గడవనిచ్చాను.

మేనల్లుడు: అయితే విండోసే వేద్దాం. నువ్వు చెప్పిందే ముందు.

నేను: నీ మింటు?

మేనల్లుడు: పక్కనే కొంత చోటిస్తావా? విండోస్ ముందు వెయ్యాలి. తర్వాత వేస్తే అది లినక్సు దారి మూసేసే ప్రమాదం ఉంది. యాక్టివేట్ అయ్యాక విండోస్‌కి నెట్టు తీసేద్దాం. పేజ్‌మేకర్‌కి నెట్టుతో పని లేదు. మెయిలూ బ్యాంకూ అన్నీ మింటులోంచి చేసుకో.

నేను: సగం చోటు తీసుకో.

ఎనిమిది జీబీ పెన్‌డ్రైవులోంచి విండోస్ ఎక్కడానికి అరగంట కూడా పట్టలేదు. తిరిగే డిస్కు మీద ఇదివరకు ఈ పనికి మధ్యాహ్నం అయ్యేది. పేజ్‌మేకర్ సీడీ బీరువాలో ఉంది, అను సీడీ దాని కిందే ఉంది. అసలు సమయం పట్టింది ఆ తర్వాతే. మార్జిన్లు, స్టైళ్లు, ప్రింటరు, నా షార్ట్‌కట్ కీలు, ఏ మెనూ ఎక్కడుండాలో. అదంతా ఏ సీడీలోనూ రాదు. మధ్యాహ్నం మూడింటికి సంపుటి తెరుచుకుంది. నూట నలభై రెండో పేజీలో ఒక బొమ్మ మాత్రం పోయిన 38 ఎంబీలో ఉన్నట్టుంది, బూడిదరంగు పెట్టె కనిపించింది. చిత్రకారుడిని అడిగి మళ్లీ తెప్పించుకున్నాను.

మేనల్లుడు: ఈ ఎస్ఎస్‌డీ గురించి ఒక మాట. తిరిగే డిస్కు పోయేముందు నెమ్మదిస్తుంది, ఆగుతుంది, ఏదో ఒకటి చెబుతుంది. ఇది చాలాసార్లు చెప్పకుండానే పోతుంది. చెరిపేసింది కూడా మళ్లీ దొరకడం కష్టం, ట్రిమ్ అని ఒక పద్ధతి ఖాళీ అయిన చోటుని తుడిచేస్తుంది. కాబట్టి మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఈ ఇంట్లో కాకుండా.

నేను: ఒకటి మీ ఇంట్లో పెట్టుకో.

వాడు ఆదివారం రాత్రి రైలెక్కాడు. ముందుమాట నేను పేజ్‌మేకర్‌లోనే కట్టి పంపాను, ఆ పుస్తకానికి అదే న్యాయం. పండగ వెళ్లాక అనుని యూనికోడులోకి మార్చే ప్రోగ్రాంలో మొదటి పుస్తకం వేశాను, 2003లో కట్టిన ఒక పల్లె జ్ఞాపకాల పుస్తకం. రాసినాయన లేడు. ఫోన్ చేశాను.

మేనల్లుడు: ఎలా వచ్చింది?

నేను: తెలుగే వచ్చింది. ఒత్తులు కొన్నిచోట్ల పక్క అక్షరానికి అతుక్కున్నాయి. 'క్ష' చాలాచోట్ల విరిగింది. పేజీకి పది పన్నెండు తప్పులు.

మేనల్లుడు: నూట అరవై పేజీలు. ఎవరు దిద్దుతారత్తా అదంతా?

నేను: పద్దెనిమిదో పేజీలో ఉన్నాను. పెట్టెయ్ ఫోను.